21 డిగ్రీల నీరు సాల్మన్‌కు వేడేనా?

ప్రశ్న: అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు, కొలంబియా నది మీది బోన్‌విల్ ఆనకట్ట వద్ద అద్దాల కిటికీల్లోంచి సాల్మన్ చేపలు ఎదురీదడం చూశాము. కొన్నింటి ఒంటిమీద తెల్లని మచ్చలున్నాయి. నది వేడెక్కడం వల్లనే అన్నారు. నీరు 21 డిగ్రీలేనట! మన పులస అంతకన్నా వెచ్చని గోదావరిలోనే ఎదురీది వస్తుంది కదా, మరి ఈ చేపకేమిటి కష్టం?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ సముద్రం నుంచి నదిలోకి వచ్చేవే అయినా, పులస వెచ్చని నీటికి అలవాటుపడిన చేప, సాల్మన్ చల్లని నీటి చేప. మీరు చెప్పిన ఉష్ణోగ్రత దానిని అప్పటికప్పుడు చంపదు. అయితే సాకై రకం సాల్మన్ నదిలోకి ప్రవేశించాక మేత మానేస్తుంది కాబట్టి, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ప్రయాణమూ గుడ్లు పెట్టడమూ ముగించుకోవాలి. నీరు వెచ్చబడిన కొద్దీ ఆ కొవ్వు త్వరత్వరగా ఖర్చయిపోతుంది. పైగా 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 20 డిగ్రీల వద్ద 9 మాత్రమే. అవసరం పెరిగిన సమయానికే ఆక్సిజన్ తగ్గడంతో గుండె మీద భారం పడుతుంది. ఇక మచ్చల సంగతి: ఆ చేపలను పరీక్షించకుండా తేల్చి చెప్పలేము గానీ, వెచ్చని నీటిలో విజృంభించే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా చర్మాన్నీ మొప్పలనూ తినేస్తుంది, ఆ పుండ్ల మీద తెల్లని బూజు పడుతుంది.

2015లో కొండల మీద మంచు తక్కువగా ఉండి, జూన్‌లోనే ఎండలు ముదరడంతో, ఆ ఏడు కొలంబియాలోకి వచ్చిన సుమారు 5 లక్షల సాకైలలో సగం దాకా చనిపోయినట్లు అంచనా వేశారు. సముద్రానికి దాదాపు 1,450 కిలోమీటర్ల దూరాన, ఐడహో రాష్ట్రంలోని రెడ్‌ఫిష్ సరస్సు ప్రాంతానికి, కొలంబియా ఉపనది స్నేక్ గుండా వెళ్లవలసిన సాకైలలోనైతే నూటికి ఒకటి చొప్పున మాత్రమే గమ్యం చేరాయి. ఆ దారిలో ఎనిమిది ఆనకట్టలున్నాయి.

ఆనకట్ట అనగానే గోడ అడ్డమనుకుంటాము. కానీ చేపలు ఎక్కడానికి మెట్ల కాలువలున్నాయి, చిక్కు వాటిలోని నీటితోనే వచ్చింది. ఆ కాలువలోకి జలాశయం పైపొర నీరు దిగుతుంది. ఎండకు కాగిన ఆ నీరు కింది నది నీటికన్నా వెచ్చగా ఉండేసరికి, కొన్ని మెట్లెక్కిన చేప వెనుదిరుగుతుంది, ఆనకట్ట కిందనే రోజుల తరబడి తచ్చాడుతుంది, ఉన్న కొవ్వు అక్కడే హరించుకుపోతుంది. వేసవిలో ఎగువనున్న డ్వోర్‌షాక్ అనే జలాశయం లోతుల నుంచి వదిలే చల్లని నీరు స్నేక్ నదికి చేరి, దిగువ జలాశయాల్లో అడుగుపొరగా నిలుస్తుంది. స్నేక్ నది మీది లోయర్ గ్రానైట్ ఆనకట్ట వద్ద ఆ అడుగు నీటినే పంపులతో పైకి తోడి మెట్ల కాలువలోకి వదిలే ఏర్పాటు తర్వాత చేశారు. ఇది మంచి పనే. ఆనకట్టకూ ఆనకట్టకూ మధ్య నిలిచి కాగే నీటికి మాత్రం ఇది పరిష్కారం కాదు.

అక్కడ చేపలే చల్లని ఉపనదులు కలిసే చోట్లు వెతుక్కుని ఆగుతాయి. ఒకేచోట అన్ని చేపలు గుమిగూడితే గాలం వేసేవారికి పండగే కాబట్టి, డెషూట్స్ నది కలిసే చోటు వంటి కొన్నింటిలో ఒరెగాన్ రాష్ట్రం వేసవి వేటను నిషేధించింది.