మత్తు డాక్టరు దగ్గర దాపరికం వద్దు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేస్తామన్నారు. చాలా ఏళ్లుగా షుగరుకు, బీపీకి మందులు వాడుతున్నాను. కోతకన్నా నాకు మత్తంటేనే భయం. మధ్యలో మెలకువ వస్తే? అసలు మెలకువే రాకపోతే? దాని బదులు వెన్నుకు సూది వేయించుకోవచ్చా? దాంతో జీవితాంతం నడుము నొప్పి తప్పదని మా వదిన అంటోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మత్తు డాక్టరు ఒక సూది పొడిచి వెళ్లిపోతాడని చాలామంది అనుకుంటారు. సగం భయం అక్కడినుంచే పుడుతుంది. చేతి నరంలోకి ఇచ్చే మొదటి మందు పనిచేసేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత ఆపరేషన్ సాగినంతసేపూ మందు అందుతూనే ఉండాలి. ఆపితే కాసేపటికి మెలకువ వస్తుంది. మేము మీ తల దగ్గరే ఉండి గుండె, ఊపిరి, ఆక్సిజన్ చూస్తూ మోతాదు సవరిస్తుంటాం. ఇక మధ్యలో మెలకువ సంగతి: 2014లో వెలువడిన బ్రిటన్ పరిశీలన ప్రకారం, పూర్తి మత్తు తీసుకున్న సుమారు 19,000 మందిలో ఒకరు అలా జరిగిందని చెప్పారు. ఇక మెలకువే రాకపోవడమంటారా, ఆ ప్రమాదం బొత్తిగా లేదని నేను అనను. కానీ అది ఎక్కువగా మీ గుండె, ఊపిరితిత్తుల స్థితిని బట్టి ఉంటుంది.

వెన్ను సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలపవచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అదే కారణమనడానికి ఆధారం లేదు. నడుము నొప్పి ఎలాగూ చాలామందికి వస్తుంది. సూది గుర్తుండిపోతుంది కనుక నింద దానిమీద పడుతుంది. అయితే మీ ఆపరేషన్‌లో పొట్టను గ్యాస్‌తో ఉబ్బిస్తారు. ఊపిరి బరువెక్కుతుంది, భుజాలు లాగుతాయి. మెలకువగా ఉండి భరించడం కష్టం. అందుకే సాధారణంగా పూర్తి మత్తే ఇస్తారు.

నన్నడిగితే, మీరు భయపడాల్సింది నిండు కడుపుకు. మత్తులో దగ్గు, మింగుడు రెండూ పనిచేయవు. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. “ఏమీ తినలేదు డాక్టరుగారూ” అంటారు. “కాఫీ?” అని అడిగితే, “అది తాగడమే కదా!” పాలు కడుపులో గడ్డకడతాయి, కాబట్టి పాల కాఫీ మా లెక్కలో ఆహారమే. తేలికపాటి ఆహారం, పాలు ఆరు గంటల ముందే ఆపాలి. మంచినీళ్లు మాత్రం సాధారణంగా రెండు గంటల ముందు వరకూ తాగవచ్చు. చాలాకాలంగా షుగరున్నవారిలో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, కనుక మీ డాక్టరు చెప్పిన గడువే పాటించండి.

మందుల చీటీ మొత్తం చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు కొన్నిటిని మూడు రోజుల ముందే ఆపిస్తాం. బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ ఉంటే అదీ చెప్పాలి. బీపీ మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఆ ఉదయం ఏది వేసుకోవాలో, ఏది వద్దో మేము చెబుతాం. గట్టిగా గురక పెడతారా, పన్ను ఏదైనా కదులుతోందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు వికటించిందా అన్నవీ కావాలి. బస్సెక్కితే వాంతులవుతాయా అని అడిగితే కొందరు నవ్వుతారు. అలాంటివారికి ఆపరేషన్ తర్వాత వాంతులు ఎక్కువ. ముందే తెలిస్తే మందు ఇస్తాం.

గొంతులో గొట్టం పెడతారు కాబట్టి ఒకటి రెండు రోజులు గరగరగా ఉంటుంది. ఇంటికి వెళ్లినా 24 గంటలపాటు బండి నడపకండి, సంతకాలు పెట్టకండి. ఆస్తి కాగితాలైతే అసలే వద్దు.