రెయిడ్ 5లో ఒక డిస్క్ కనిపించట్లేదు, కొత్తగా అర్రే క్రియేట్ చేయొచ్చా?

దయచేసి క్రియేట్ కమాండ్ జోలికి వెళ్ళకండి. రీబూట్ తర్వాత మీ అర్రే (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా మూడు డిస్కుల్ని కలిపి చేసిన డ్రైవ్) పేరు ఎండీ0 పోయి ఎండీ127 వచ్చిందని, అది ఇనాక్టివ్ అని చూపిస్తోందని, మూడు డిస్కుల్లో రెండే ఉన్నాయని రాశారు. ఇంతమాత్రాన డేటా పోయినట్టు కాదు. క్రియేట్ కొడితే పాత సూపర్‌బ్లాక్ (డిస్క్ మీద అర్రే వివరాలు ఉండే భాగం) చెరిగిపోతుంది, డిస్కుల వరసో చంక్ సైజో (ఒక్కో డిస్క్ మీద ఒకసారి రాసే ముక్క సైజు) కాస్త తేడా వస్తే ఇక ఫైల్‌సిస్టమ్ దొరకదు.

మా బావ ఫొటో స్టూడియోలో ఉబుంటు మెషీన్‌కి ఇలాగే అయింది. కస్టమర్ల పెళ్ళి ఫొటోలన్నీ అందులోనే, ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. అప్పుడు ముందు తేల్చుకున్నది ఒకటే: డిస్క్ అసలు కెర్నల్‌కే (లైనక్స్ మూలభాగానికే) కనిపించట్లేదా, లేక కనిపించినా ఎండీఆడ్మ్ (లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే టూల్, mdadm) కలుపుకోవట్లేదా? ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్ చూపే జాబితాలో డిస్క్ లేకపోతే రెయిడ్ కమాండ్లు ఎన్ని కొట్టినా దండగే. మాకు ఆ జాబితాలో లేదు. డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్, dmesg) చూస్తే ఒక సాటా పోర్ట్ లింక్ పదేపదే రీసెట్ అవుతోంది. కేబుల్ మార్చగానే డిస్క్ వచ్చింది. స్మార్ట్‌సీటీఎల్‌లో (డిస్క్ ఆరోగ్యం చూపే టూల్, smartctl) 199 నంబర్‌తో ఉండే సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో పాడైందని చెప్పేవి) లెక్క పెరుగుతుంటే డిస్క్ కంటే ముందు కేబుల్‌నే అనుమానించండి.

డిస్క్ కనిపించాక ఒక్కోదాని మీద ఎండీఆడ్మ్ ఎగ్జామిన్ కొట్టి, ఈవెంట్స్ అంకె (అర్రేలో మార్పులతో పాటు పెరిగే లెక్క) రాసి పెట్టుకోండి. అసలు కీలకం ఇదే. మాకు రెండు డిస్కులకి ఒకే అంకె ఉంది, ఊడిపోయినది వెనకబడి ఉంది. అలా ఉంటే ఫోర్స్ వాడి మూడోదాన్ని లోపలికి లాగొద్దు, అందులో ఉన్నది పాత డేటా. ఎండీ127ని స్టాప్ చేసి, ఆ రెండింటితోనే రన్ ఆప్షన్ ఇచ్చి అసెంబుల్ చేయండి. రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ముందు బ్యాకప్ తీసుకోండి. ఆ తర్వాతే మూడోదాన్ని రీయాడ్ (పాత సభ్య డిస్క్‌గానే తిరిగి చేర్చడం) చేయండి, కుదరకపోతే యాడ్ (కొత్త డిస్క్‌లా చేర్చడం). రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే పట్టిక) ఉంటే మారిన భాగమే సింక్ అవుతుంది, లేకపోతే మొత్తం రీబిల్డ్ అవుతుంది. ఆ సమయంలో మిగతా రెండు డిస్కుల మీద ఒత్తిడి బాగా పడుతుంది, అందుకే బ్యాకప్ ముందు అంటున్నాను.

ఎండీ127 అన్న పేరు చూసి కంగారు పడకండి. బూట్ సమయంలో కాన్ఫిగ్ ఫైల్‌లో ఈ అర్రే వివరం దొరక్కపోతే ఆ నంబర్ వస్తుంది. డీటెయిల్ స్కాన్ ఇచ్చిన లైన్‌ని ఎండీఆడ్మ్ కాన్ఫ్‌లో చేర్చి, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే ఫైళ్ళను తాజా చేసే కమాండ్) నడపండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఫైల్) ఎండీ0 అని కాకుండా యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు సంఖ్య) రాయండి.