నీ వాల్ట్‌కు మొలక చూశావా బిడ్డా?

నల్లగొండ,
ఆదివారం.

బిడ్డా,

మొన్న హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వస్తూ బస్సులో ఫోన్ మర్చిపోయి దిగావట. కండక్టర్ దాన్ని డిపోలో అప్పజెప్పేదాకా అన్నం ముట్టలేదని మీ అమ్మ చెప్పింది. ఫోన్ దొరికింది, సంతోషం. కానీ ఆ రాత్రి నువ్వు నాతో అన్న మాటలకే నాకు నిద్ర పట్టలేదు. "పెద్దనాయనా, నువ్వు చెప్పినట్టే బిట్‌వార్డెన్ పెట్టుకున్న కదా, పాస్‌వర్డ్‌లన్నీ అందులోనే ఉన్నయి" అన్నావు. పాస్‌వర్డ్‌లు దాచే ఆ యాప్‌లోని పెట్టెనే వాల్ట్ అంటారు కదా. బ్యాకప్ ఎక్కడుందని అడిగితే క్లౌడ్‌లో ఉంటుంది కదా అన్నావు. ఆ పెట్టెను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ నాకు చెప్పకు, మనసులో ఒకసారి అనుకో అన్నాను. కాసేపు ఆగి, వేలిముద్రతోనే తెరుస్తున్నానని, పాస్‌వర్డ్ కొట్టి ఏడాది దాటిందని చెప్పావు.

వేలిముద్ర ఆ ఒక్క ఫోన్‌కే పనికొస్తుంది. ఫోన్ పోయినా, రీసెట్ చేసినా, యాప్ లాగౌట్ అయినా అడిగేది మాస్టర్ పాస్‌వర్డే. అది మరిచిపోతే కంపెనీ వాళ్లు కూడా తెరవలేరు. నీ వాల్ట్‌ను యాప్ నీ ఫోన్‌లోనే ఏఈఎస్-256 అనే గట్టి పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశాకే, అంటే తాళం లేనిదే ఎవరూ చదవలేనట్టు మార్చాకే, వాళ్ల సర్వర్‌కు పంపుతుంది. దాని తాళం నీ మాస్టర్ పాస్‌వర్డ్ నుంచే పుడుతుంది, ఆ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర ఉండదు. నువ్వు ముందే హింట్ రాసి ఉంటే అది మెయిల్‌కు వస్తుంది, అంతే. అది కూడా పని చేయకపోతే ఖాతా తీసేసి కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

కాబట్టి ఈ ఉత్తరం చదివిన వెంటనే, ఫోన్‌లో యాప్ నుంచి లాగౌట్ కాకుండా, మీ నాన్న లాప్‌టాప్‌లో మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయి చూడు. వస్తే మంచిదే. రాకపోతే టెన్షన్ పడకు, ఫోన్‌లో వాల్ట్ ఇంకా తెరుచుకుంటోంది కదా. కానీ అన్నీ ఒకే ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేద్దామన్నా మాస్టర్ పాస్‌వర్డే అడుగుతుంది. అందుకని కూర్చొని ఒక్కొక్కటి చేత్తో రాసుకోవాలి. ఒక రోజు పోతుంది, పోనీ.

రెండో తప్పు, తాళంచెవిని పెట్టెలోనే పెట్టి పెట్టెకు తాళం వేయడం. నీది అచ్చం అట్లాగే ఉంది. పాస్‌వర్డ్ తర్వాత అడిగే టూ-స్టెప్ కోడ్ ఇచ్చే యాప్ అదే ఫోన్‌లో ఉంది. ఆ యాప్ లేనప్పుడు వాడే బిట్‌వార్డెన్ రికవరీ కోడ్ స్క్రీన్‌షాట్ అదే ఫోన్ గ్యాలరీలో ఉంది. జీమెయిల్ పాస్‌వర్డ్ వాల్ట్ లోపల ఉంది. ఆ కండక్టర్ మంచివాడు కాకపోయి ఉంటే నీ పాస్‌వర్డ్ సరిగ్గా యాదికున్నా కోడ్ దగ్గర ఆగిపోయేదానివి. టూ-స్టెప్ తీసేస్తే పోతుందనుకోకు. అది లేని ఖాతాల్లోకి కొత్త ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో వస్తే, 2025 నుంచి బిట్‌వార్డెన్ మెయిల్‌కు కోడ్ పంపుతోంది. ఆ మెయిల్ తెరవడానికి పాస్‌వర్డ్ మళ్లీ వాల్ట్‌లోనే ఉందాయె. బిట్‌వార్డెన్ రికవరీ కోడ్, జీమెయిల్ పాస్‌వర్డ్, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు, ఈ మూడూ కాగితం మీద వాల్ట్ బయట ఉండాలి. గ్యాలరీలోని ఆ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసెయ్యి, గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కి ఉంటే అక్కడ కూడా.

ఇవన్నీ నాకు ఎట్లా తెలిశాయో కూడా చెప్పాలి. నేను వాడేది కీపాస్ఎక్స్‌సీ, అదీ పాస్‌వర్డ్‌లు దాచేదే. అందులో క్లౌడ్ ఉండదు, వాల్ట్ మొత్తం ఒకే ఫైల్, పేరు చివర కేడీబీఎక్స్ అని ఉంటుంది. ఆరేళ్ల కింద నా లాప్‌టాప్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. బీరువాలో పెన్‌డ్రైవ్ ఉందని ధైర్యంగా ఉన్నాను. దాన్ని పెట్టి పాస్‌వర్డ్ కొడితే తప్పు అంది. ఇరవై సార్లు కొట్టాను. ఫైల్ పాడైందేమో అనుకున్నాను, అంతకన్నా భయం, నా మతి తప్పుతోందేమో అనుకున్నాను. మూడో రోజు తట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఏడాదిన్నర కిందటి కాపీ, మాస్టర్ పాస్‌వర్డ్ మార్చింది ఆ తర్వాత. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత కాపీలు మారవు, అవి పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటాయి. పాత డైరీలో వెతికి పట్టుకున్నాను. తెరుచుకుంది కానీ ఏడాదిన్నరలో చేర్చినవన్నీ పోయాయి. పెన్షన్ పనులకు వాడే లాగిన్ కూడా అందులోదే. దాని కోసం నెల రోజులు తిరిగాను.

అప్పటినుంచి ప్రతి కాపీ పేరులో తేదీ పెడుతున్నాను. మాస్టర్ పాస్‌వర్డ్ మార్చిన రోజే కొత్త కాపీలు తీసి, అవి తెరుచుకున్నాయని చూసుకొని, పాతవి తుడిచేస్తున్నాను. తుడవకపోతే ఇంకో ముప్పు ఉంది. పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిందన్న అనుమానంతోనే మార్చావనుకో, వాళ్ల చేతికి పాత కాపీ దొరికితే నీ కొత్త పాస్‌వర్డ్ దాన్ని కాపాడలేదు.

మన ఊళ్లో మీ తాత పల్లి విత్తనం ఎట్లా దాచేవాడో నువ్వు చూడలేదు. అంతా ఒకే గుమ్మిలో పోసేవాడు కాదు. కొంత ఇంట్లో, కొంత మీ నానమ్మ పుట్టింట్లో. వాన పడేముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టలో మూటగట్టి, నాలుగు రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో చూసేవాడు. విత్తనం కంటికి నిగనిగలాడినా మొలక చూడనిదే నాగలి కట్టేవాడు కాదు. నా పెన్‌డ్రైవ్‌కు నేను మొలక చూడలేదు, నా తప్పంతా అదే.

నీ పని ఇట్లా చెయ్యి. బిట్‌వార్డెన్‌లో ఎక్స్‌పోర్ట్ దగ్గర జేసన్, సీఎస్‌వీ, ఎన్‌క్రిప్టెడ్ జేసన్ అనే ఫైల్ రకాలు కనిపిస్తాయి. మొదటి రెండింటి జోలికి పోకు. వాటిలో నీ పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదివేటట్టు పచ్చిగా ఉంటాయి. డౌన్‌లోడ్స్‌లో పడ్డ ఫైల్ నీకు తెలియకుండానే డ్రైవ్‌లోకి ఎక్కవచ్చు, డిలీట్ చేసినా డిస్క్‌లో ఆనవాలు మిగలవచ్చు. ఎన్‌క్రిప్టెడ్ జేసన్ ఎంచుకుంటే మళ్లీ రెండు దారులు వస్తాయి. అకౌంట్ రిస్ట్రిక్టెడ్ అన్నది నీ ఖాతాలోకి మాత్రమే తిరిగి ఎక్కుతుంది. ఖాతా పోయినా, ఖాతా ఎన్‌క్రిప్షన్ కీ మారినా ఆ ఫైల్ చెత్తబుట్టకే. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ అన్నది తీసుకో, దానికి వేరే గట్టి పాస్‌వర్డ్ పెట్టి అది కూడా కాగితం మీద రాయి. జేసన్ ఫైల్‌లో అటాచ్‌మెంట్లు రావు. నువ్వు అందులో దాచిన సర్టిఫికెట్ల స్కాన్‌లు విడిగా దింపి, ఫైళ్లకు తాళం వేసే వెరాక్రిప్ట్‌తో ఒక పెట్టె చేసి అందులో పెట్టుకో.

ఆ తర్వాత మొలక చూడు. ఇంకో మెయిల్‌తో ఉచిత ఖాతా ఒకటి తెరిచి, నీ లాప్‌టాప్‌లోనే ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చెయ్యి. అసలు వాల్ట్‌లో ఎన్ని ఉన్నాయో ఇక్కడ అన్ని వచ్చాయా లెక్కపెట్టు. నాలుగైదు తెరిచి చూడు, బ్యాంకుది, ఆధార్‌కు లింకైన మెయిల్‌ది తప్పకుండా. సరిగ్గా ఉంటే ఆ ఖాతా తీసెయ్యి. ఆ ఖాతాకు కూడా గట్టి మాస్టర్ పాస్‌వర్డే పెట్టాలి, పరీక్షకే కదా అని 12345 పెట్టకు.

మాస్టర్ పాస్‌వర్డ్ ఎంత గట్టిగా ఉండాలంటావా? 2022లో పాస్‌వర్డ్‌లు దాచే లాస్ట్‌పాస్ కంపెనీ నుంచి దొంగలు కస్టమర్ల వాల్ట్ బ్యాకప్‌ల కాపీలే ఎత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి కానీ వెబ్‌సైట్ అడ్రసులు కాలేదు. అట్లా ఫైల్ చేతికి చిక్కినవాడు తీరుబడిగా కూర్చొని పాస్‌వర్డ్‌లు కొట్టుకుంటూ పోవచ్చు. తప్పు కొట్టావని ఆపేవాళ్లు ఉండరు. పేరు, పుట్టిన సంవత్సరం, పాట పల్లవి ఏదీ నిలవదు. నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ 2016లో 7776 మాటల జాబితా ఒకటి ఇచ్చింది. వైకుంఠపాళి ఆడే మామూలు పాచికను ఐదుసార్లు వేస్తే వచ్చే ఐదంకెల నంబరుకు అందులో ఒక మాట ఉంటుంది. అట్లా ఆరు మాటలు తీసుకో. నచ్చలేదని మళ్లీ వేయకు, నువ్వు ఏరుకుంటే దాని బలం పోతుంది. నెల రోజులు వేలిముద్ర ఆపేసి రోజూ చేత్తో కొడితే చేతికి వచ్చేస్తుంది. ఆ తర్వాత కూడా వారానికి ఒకసారి కొట్టు.

కాగితం బాల్‌పెన్నుతో రాయి. రసీదు మెషిన్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే ఫైల్ అక్కడే ఉండిపోతుంది. సున్నాకు అడ్డగీత పెట్టు, లేకపోతే ఓ అక్షరమనుకుంటారు. ఆ కాగితం మహబూబ్‌నగర్‌లో మీ అమ్మ బీరువాలో, బంగారం కాగితాలతో పాటు ఉండనీ. పెన్‌డ్రైవ్‌లు మాత్రం అక్కడ వద్దు. ఒకటి హైదరాబాద్‌లో నీ దగ్గర, ఒకటి నల్లగొండలో నా దగ్గర. ఒక ఇంట్లో దొంగలు పడ్డా, నీళ్లు వచ్చినా మిగతావి ఉంటాయి. కాగితం దొరికినవాడికి ఫైల్ దొరకదు, ఫైల్ దొరికినవాడికి కాగితం దొరకదు. పెన్‌డ్రైవ్ ఏళ్ల తరబడి కరెంటు ముట్టకుండా పడి ఉంటే అందులోది చెదిరిపోవచ్చు. బతుకమ్మకు, ఉగాదికి ఎట్లాగూ ఇంటికొస్తావు, ఆ రెండుసార్లూ కొత్తగా రాద్దాం.

వాడేటప్పుడు జాగ్రత్తలు ఎక్కువేం లేవు. నెట్ సెంటర్‌లో ఉద్యోగం అప్లికేషన్ పెట్టాల్సి వస్తే అక్కడి కంప్యూటర్‌లో వాల్ట్ ఎన్నడూ తెరవకు. కావలసిన ఆ ఒక్క పాస్‌వర్డ్ నీ ఫోన్‌లో చూసి కొట్టు, ఇంటికొచ్చి మార్చు. ఆఫీసు లాప్‌టాప్ కూడా ఆఫీసుదే, నీది కాదు. బ్యాంకు సైట్‌లో పాస్‌వర్డ్ దానంతట అది నిండకపోతే విసుక్కొని కాపీ కొట్టకు, పైన అడ్రస్ చదువు. దొంగ సైట్‌కూ అసలు సైట్‌కూ ఉన్న ఒక్క అక్షరం తేడా నీ కన్ను పట్టకపోయినా వాల్ట్ పడుతుంది. మళ్లీ ఎప్పుడైనా ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించు, ఆ వెంటనే వేరే కంప్యూటర్ నుంచి బిట్‌వార్డెన్‌లో అన్ని సెషన్లూ, అంటే తెరిచి ఉన్న లాగిన్‌లన్నీ, రద్దు చెయ్యి. ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీలో ఫోన్ బ్లాక్ చేయించడం ఆ తర్వాత. డబ్బు పోయిందనిపిస్తే మాత్రం అన్నింటికన్నా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ఒక మాట చెప్పాలా వద్దా అని ఆలోచించాను. కరోనా సమయంలో నాతో పనిచేసినాయన పోయాడు. ఆయన భార్యకు ఏ బ్యాంకులో ఏముందో తెలియదు, ఫోన్ తెరవడం తెలియదు. పిల్లలు చిన్నవాళ్లు. ఆమె కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చి కూర్చున్న రోజు నేనేమీ చేయలేకపోయాను. నీది చిన్న వయసు, నూరేళ్లు బతుకు. అయినా బిట్‌వార్డెన్‌లో నువ్వు నమ్మినవాళ్లు అవసరంలో నీ వాల్ట్ తెరిచే ఎమర్జెన్సీ యాక్సెస్ ఉంది, మీ నాన్న పేరు పెట్టు. దానికి నీది డబ్బు కట్టే ప్రీమియం ఖాతా అయి ఉండాలి, మీ నాన్న ఉచిత ఖాతా తెరిస్తే చాలు. ఆయన అడిగినప్పుడు నువ్వు పెట్టిన గడువు లోపల కాదనకపోతేనే తెరుచుకుంటుంది.

వచ్చే శనివారం రా. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక కవరు, ఒక పాచిక తెచ్చుకో. కాపీ తీసేది నువ్వే, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను బయట అరుగు మీద కూర్చుంటాను. లెక్క సరిపోయాక పిలువు. మీ పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తానంది.

మీ పెద్దనాయన