బ్రిటన్ ఉద్గారాలు నిజంగా తగ్గాయా, లేక ఫ్యాక్టరీలతో పాటు వేరే దేశాలకు తరలిపోయాయా?

నిజంగానే తగ్గాయి: 1990తో పోలిస్తే బ్రిటన్ గడ్డపై వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులు ఇప్పుడు దాదాపు సగమే. అన్నిటికన్నా ఎక్కువ తగ్గింది కరెంటు ఉత్పత్తిలో. 1990లలో బొగ్గును గ్యాస్ పక్కకు నెట్టడం మొదలైంది. యూనిట్ కరెంటుకు గ్యాస్ వదిలే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుదాంట్లో దాదాపు సగం. అసలు దెబ్బ మాత్రం కార్బన్ పన్నుదే. విద్యుత్ కేంద్రాలు కాల్చే ఇంధనంపై 2013లో వేసిన ఈ పన్ను 2015కల్లా టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 18 పౌండ్లకు చేరింది, బొగ్గు గిట్టుబాటు కాకుండా పోయింది. 2012లో సుమారు 40 శాతం ఉన్న బొగ్గు కరెంటు, చివరి కేంద్రం ర్యాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబరు 30న మూతపడటంతో సున్నా అయింది.

'అంతా చైనాకు పోయింది' అన్నది సగమే నిజం. దిగుమతి సరుకుల ఉద్గారాలు కలిపి లెక్కేసినా తగ్గుదల కనిపిస్తుంది, కాకపోతే తక్కువ. ఇళ్ల హీటింగ్, వాహనాలు, వ్యవసాయంలో మాత్రం ఇంత వేగం లేదు.