పైకప్పు ఉన్న వరండాకి మామూలు సోఫా కుషన్లు సరిపోవా?

సరిపోవు. పైకప్పు నడినెత్తి ఎండని ఆపుతుంది, అంతే. మన విజయవాడలో వాయుగుండం పట్టిందంటే వాన నిటారుగా పడదు, జల్లు వరండా గోడ దాకా కొడుతుంది.

మాది సత్యనారాయణపురం. కొత్తగా పేము కుర్చీలు కొన్నప్పుడు నాలుగు అంగుళాల ఫోమ్ కోయించి, వెల్వెట్ తొడుగులు కుట్టించాను. రెండు వారాలు రాజభోగం. ఆ తర్వాత ఒక రాత్రి గాలివాన. మర్నాడు మధ్యాహ్నానికి గుడ్డ ఆరినట్టే ఉంది, చెయ్యి పెట్టి కూడా చూశాను. సాయంత్రం మా మామగారు తెనాలి నుంచి దిగారు, పెళ్ళికి వెళ్తూ, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచెలో. కూర్చున్నారు. ఫోమ్ లోపల దాచుకున్న నీళ్ళన్నీ ఒక్కసారి వదిలేసింది. ఆయన నన్నేమీ అనలేదు. లేచి లోపలికి చూసి, "అమ్మాయ్, కాస్త తువ్వాలు తే" అన్నారు. ఆ పెళ్ళికి నా పంచె కట్టుకునే వెళ్ళారు. కుషన్లు మూడు రోజులు డాబా మీద ఎండబెట్టినా ముక్కిపోయిన వాసన పోలేదు.

అందుకే నా లెక్కలో మెత్తదనం తర్వాతి సంగతి, ఎంత త్వరగా ఆరుతుందన్నదే ముందు. పెద్ద పెద్ద రంధ్రాలుండే క్విక్ డ్రై ఫోమ్ దొరుకుతుంది, నీళ్ళు కిందికి జారిపోతాయి. ఖరీదే. వద్దనుకుంటే రెండంగుళాల మందం చాలు, జిప్పు తొడుగు వేయించి, వాన మబ్బు కనిపిస్తే లోపల పడేయండి. గుడ్డ విషయంలో, నూలు వడకక ముందే రంగు కలిపిన యాక్రిలిక్ అడగండి, త్వరగా వెలవదు. పడమటి వరండా అయితే ఇది తప్పదు.

రెక్సిన్ మాత్రం వద్దు. నీళ్ళు దిగవంటారు గానీ కుట్టు రంధ్రాల్లోంచి దిగుతాయి, మళ్ళీ బయటికి రావు. మే నెలలో కూర్చుంటే తొడలకి అంటుకుని, లేచేటప్పుడు చర్మం ఊడొచ్చినట్టుంటుంది. మా అమ్మ బూరుగు దూది అంది. ఆ దూది నీళ్ళని అంతగా పీల్చదు, నిజమే, కానీ తొడుగు తడిసి, లోపల ఉండలు కట్టి, ఆ ఉండల మీద ఎవరు కూర్చుంటారు?

అసలు తప్పు కుషన్లది కాదు. పెంకుటిళ్ళకి చూరు బారెడు ముందుకొచ్చేది, అరుగు తడిసేది కాదు. ఇప్పుడు ఎలివేషన్ అని గాజు పలకలకి లక్షలు పోస్తారు, సన్‌షేడ్ ఇంకో రెండడుగులు పెంచవయ్యా అంటే లుక్ పోతుందంటాడు బిల్డరు.

మామగారు ఇప్పటికీ మా ఇంట్లో కుషన్‌ని అరచేత్తో నొక్కి చూసి గానీ కూర్చోరు.