ఊళ్ల ఐక్యత, ఇంటి హామీ: ఇండిపెండెంటుగా పోటీ చేయాలంటే

ప్రశ్న: మాది చీపురుపల్లి నియోజకవర్గంలో ఓ పల్లె. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో 'కులాల గొడవ వద్దు, అందరం ఒకటవుదాం, గూడు లేనివాళ్లకు ఇల్లు' అంటూ ఇండిపెండెంటుగా నిలబడదామని ఉంది. నామినేషన్ ఎక్కడ చెడుతుంది? ఇళ్ల హామీ ఎలా రాసుకోవాలి?

జవాబు: చాలాసార్లు చెడేది ప్రతిపాదకుల దగ్గరే, అంటే మీ పేరును ప్రతిపాదిస్తూ నామినేషన్ పత్రంపై సంతకం చేసే ఓటర్ల దగ్గర. గుర్తింపు పొందిన పార్టీవాళ్లకు ఒక్కరు చాలు, మీకు పదిమంది కావాలి. అందరూ చీపురుపల్లి ఓటర్లే అయి ఉండాలి. వేరే నియోజకవర్గమైన రాజాంలో ఓటున్న బావమరిది సంతకం పనికిరాదు. ఒక్క సంతకం చెల్లకపోయినా ఆ నామినేషన్ పత్రం (సెట్టు) పోయినట్టే. అందుకని వేరే పదిమందితో రెండో సెట్టు వేయండి. నాలుగు దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒక్కసారే: 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. నగదో ట్రెజరీ చలానానో ఇవ్వాలి, చెక్కు చెల్లదు. మీ ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలిచ్చే ప్రమాణపత్రం, అంటే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకండి, ఏమీ లేకపోతే 'లేదు' అని రాయండి. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ముందు రోజుకల్లా తెరవాలి.

ఐక్యత మాట మంచిదే, కానీ జాగ్రత్త. 'మన కులమంతా ఏకమై నాకే వేయాలి' అంటే అది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అక్రమం, గెలిచినా ఎన్నిక రద్దవొచ్చు. ఓటరు కులం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. కుల సంఘం భోజనాల్లో మీ సమ్మతితో మీవాళ్లు ఆ మాట అన్నా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక ఇళ్లు. ఎమ్మెల్యే చేతిలో ఇళ్ల డబ్బుండదు. 'కట్టిస్తా' అని రాస్తే డబ్బెక్కడిదని అడుగుతారు. మేనిఫెస్టోలో హామీకి నిధుల దారి చూపాలని ఎన్నికల నియమావళిలోనూ ఉంది. లెక్కతో రాయండి. ఎకరా అంటే 100 సెంట్లు. దారులకు, కాలువలకు మూడో వంతు వదిలితే 3 సెంట్ల చొప్పున 22 స్థలాలే వస్తాయి. 500 కుటుంబాలకు దాదాపు 23 ఎకరాలు కావాలి. కేంద్రం ఇళ్ల పథకమైన గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలే వస్తుంది. మిగతాది ఎవరు పెడతారో చెప్పాలి. భూమి దొరికిందని పల్లంలోనో చెరువు గర్భంలోనో పట్టాలిప్పిస్తే మెరక చేయడానికే సగం డబ్బు పోతుంది. లారీ వెళ్లే దారి లేకపోతే ఇసుక, ఇటుక మళ్లీ ట్రాక్టరుకెక్కించాలి, ఆ కిరాయి పడేది పేదవాడి మీదే. సర్వే నంబరు చూశాకే ఊరి పేరు రాయండి.

అన్నట్టు, మీ ఎన్నికల గుర్తు ఖరారయ్యేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. అంతవరకు పోస్టర్లు అచ్చువేయించకండి. వేయించినప్పుడు ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలు కింద తప్పక ఉండాలి.