ఓడ మునిగింది సరే, ఏ ఓడ?

రేవు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(జవాబులు రాసేది కోరంగిలో పుట్టి, 34 ఏళ్లు సరుకు ఓడల మీద తిరిగి, చీఫ్ ఆఫీసరుగా రిటైరై విశాఖలో స్థిరపడిన మనిషి.)

ప్రశ్న: మా నాన్నగారి పాత ఫైళ్లలో 2012 నాటి పేపరు కటింగ్ ఒకటి దొరికింది. "రెండు వందల ఏళ్లనాటి బౌంటీ నౌక శాండీ తుఫానులో మునక" అని పెద్దక్షరాల హెడ్డింగు. కింద వార్తలో మాత్రం "నమూనా నౌక" అని ఉంది. నమూనాలోకి 16 మంది ఎలా ఎక్కారండీ? ఇంతకీ మునిగింది ఏది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు పంపిన జిరాక్సు చూశాను. మీ సందేహం న్యాయమైనదే. నమూనా అంటే మనకి ముందుగా గుర్తొచ్చేది కొట్లో గుప్పెట్లో పోసి చూపించే బియ్యం, లేకపోతే ఎగ్జిబిషన్‌లో అద్దాలపెట్టెలో పెట్టిన బొమ్మ ఓడ. బొమ్మని ఇంగ్లీషువాళ్లు మోడల్ అంటారు. పాత ఓడని చూసి, మనుషులెక్కి సముద్రం మీదకి పోయేలా మళ్లీ కట్టినదాన్ని రెప్లికా అంటారు. రాత్రి పదకొండింటికి డెస్కు మీద కూర్చున్న కుర్రాడు రెండింటికీ ఒకే మాట వాడేశాడు. అతన్ని నేను పెద్దగా తప్పుపట్టను. మనకి సరిపడే మాట లేదు. "నకలు ఓడ" అంటే దొంగనోటులా వినిపిస్తుంది. నేనైతే "పాతదాన్ని చూసి కట్టిన ఓడ" అని నాలుగు మాటల్లో చెప్పేస్తాను. హెడ్డింగులో అది పట్టదు, నిజమే.

ఇక అసలు సంగతి. మొదటి బౌంటీ ఇంగ్లండులోని హల్ రేవులో 1784లో బెథియా పేరుతో పుట్టిన బొగ్గు ఓడ. 1787లో దాన్ని బ్రిటిష్ నావికాదళం కొని, పేరు మార్చి, పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి నుంచి సీమపనస మొక్కలు తెమ్మని పంపింది. (పనస మొక్కలని రాసేవాళ్లూ ఉన్నారు. పనస వేరు, సీమపనస వేరు.) 1789 ఏప్రిల్ 28న నావికులు తిరగబడ్డారు. తిరగబడ్డవాళ్లలో కొందరు పిట్‌కెయిర్న్ దీవి చేరి, ఎవరి కంటా పడకూడదని 1790 జనవరి 23న ఓడని వాళ్లే తగలబెట్టారు. మిగిలిన అవశేషాలు 1957లో ఆ దీవి పక్కన నీళ్లలో కనిపించాయి. అంటే 2012లో అమెరికా మీదకి శాండీ తుఫాను వచ్చేనాటికి అసలు బౌంటీ బూడిదై 222 ఏళ్లు.

2012 అక్టోబరు 29న మునిగింది 1960లో కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో ఒక హాలీవుడ్ సినిమా కోసం కట్టిన ఓడ. నాకంటే అయిదేళ్లు చిన్నది. పైగా అచ్చం పాతదానిలా కూడా కట్టలేదు. పాతదాని డెక్కు పొడవు సుమారు 90 అడుగులు, దీనిది 120. కెమెరాలూ, వాటిని తోసుకుంటూ తిరిగే మనుషులూ పట్టాలి కదా. కింద రెండు డీజిల్ ఇంజన్లు. ఇదిలా ఉండగా 1970ల చివర న్యూజిలాండ్‌లో ఇంకో సినిమా కోసం ఇంకో బౌంటీ కట్టారు. దానికి ఉక్కు ఒళ్లు, పైన చెక్క తొడుగు. ఫోన్లో బౌంటీ అని కొట్టి ఫోటో దింపుకునేవాడికి ఈ రెండూ కలిసే వస్తాయి. ఏది మునిగిందో, ఏది మునగలేదో చూసుకునే ఓపిక ఉండాలి.

మీ కటింగ్‌లో ఓడ పేరుకి ముందు హెచ్.ఎం.ఎస్. అని తగిలించారు. ఆ మూడక్షరాలు బ్రిటన్ రాజుగారి నావికాదళం కొలువులో ఉన్న ఓడకి. సినిమావాళ్ల ఓడకి రాజుగారితో ఏం పని? దాన్ని నడిపేవాళ్లే ఆ పేరుతో పిలుచుకునేవాళ్లు కాబట్టి పేపర్లూ అందుకున్నాయి. చదివేవాడికి మాత్రం ఒక యుద్ధనౌక పోయిందనిపిస్తుంది.

"చచ్చిన ఓడ వయసు ఎంతైతే ఏంటండీ, పోయిన ప్రాణాలు పోయాయిగా" అని మా బావమరిది అన్నాడు. అక్కడే నాకు కోపం వస్తుంది. రెండు వందల ఏళ్ల ఓడ అనగానే చదివేవాడు "పాపం ముసలిది, మునిగింది" అనుకుని పేజీ తిప్పేస్తాడు. 52 ఏళ్ల సినిమా ఓడ అని రాస్తే, అంత తుఫాను వస్తోందని తెలిసి దాన్ని బయటికి ఎందుకు తీశారని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్న అదే. అక్టోబరు 25న అమెరికాలోని న్యూ లండన్ రేవు నుంచి ఫ్లోరిడాకి బయలుదేరింది. ఓడకి రేవులో కంటే సముద్రంలోనే క్షేమం అన్నది కెప్టెన్ వాదన. ఆ మాట ఉత్తదేం కాదు. 1990 మే తుఫానుకి ముందు మా ఓడనీ విశాఖ రేవు నుంచి బయటికి పంపేశారు. గట్టుకి కట్టి ఉంచితే గోడకేసి కొట్టుకుని చచ్చేది. కానీ మాది వేల టన్నుల ఉక్కు ఓడ, మేం తుఫాను దారికి ఎడంగా పారిపోయాం. వీళ్లది చెక్క ఓడ. వాతావరణం బాగున్న రోజున కూడా పలకల సందుల్లోంచి కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది, పంపులు తోడుతూనే ఉండాలి. ఆ రాత్రి ఊరే నీటికి పంపులు చాల్లేదు, ఇంజన్ గదిలోకి నీళ్లొచ్చి కరెంటు పోయింది. కరెంటు పోతే పంపులు లేవు. పంపులు లేకపోతే ఓడ లేదు. ఓడ అడుగున చీకట్లో కాలికి నీళ్లు తగలడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నావి చీలమండ దాకా వచ్చి ఆగాయి.

కోస్టుగార్డు హెలికాప్టర్లు 14 మందిని పైకి లాగాయి. ఒకామె చనిపోయింది, కెప్టెన్ దొరకనేలేదు. ఆ వాతావరణంలోకి బయలుదేరాలన్న కెప్టెన్ నిర్ణయమే కారణమని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2014లో తేల్చింది. మీ నాన్నగారి ఫైల్లో ఆ రెండో వార్త దొరికిందా? దొరికి ఉండదు లెండి.

ప్రశ్న: "1500 ఏళ్లనాటి ఓడ ఒమన్‌కు ప్రయాణం" అని మా ఊరి గ్రూపులో మెసేజి వచ్చింది. తవ్వకాల్లో బయటపడిందని మా అబ్బాయి, చోళులదని మా తమ్ముడు. ఎవరు రైటు?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: ఇద్దరూ కాదమ్మా. అది మన నేవీవారి కౌండిన్య. గోవాలో కట్టి, 2025 మే 21న కార్వార్‌లో నేవీలో చేర్చుకున్నారు. ఆ డిసెంబరు 29న పోర్‌బందర్ నుంచి మస్కట్ బయలుదేరింది. ఇంజను లేదు, తెరచాపలే.

దీన్ని రెప్లికా అన్నా కూడా తప్పే. చూసి కట్టడానికి ఆనాటి ఓడ ఒక్కటీ మిగల్లేదు. ఉన్నది అయిదో శతాబ్దపు అజంతా గోడ మీద ఒక బొమ్మ. గీసినవాడు చిత్రకారుడే గానీ ఓడల వడ్రంగి కాదు. పక్కనుంచి చూపించాడు గానీ వెడల్పెంతో, నీళ్లలో ఎంత లోతు కూర్చుంటుందో చెప్పలేదు. అవన్నీ ఇప్పటివాళ్లు లెక్కలు కట్టి, చిన్న మోడల్ చేసి (అదిగో, నమూనా అంటే అది) మద్రాసు ఐఐటీలో పరీక్షించుకుని కట్టారు. బొమ్మని చూసి కట్టిన ఓడ అనండి, సరిపోతుంది. మీ తమ్ముడి చోళులకి దానితో సంబంధం లేదు. మనమే ఆశపడితే శాతవాహనులని అనుకోవచ్చు, యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది మరి. కానీ ఆ ఓడా ఇది కాదు.

మీరు మచిలీపట్నం వాళ్లు కాబట్టి ఇంకోమాట. కౌండిన్యకి పలకల్ని మేకులతో బిగించలేదు, కేరళ పనివాళ్లు కొబ్బరి తాడుతో కుట్టారు. మన తీరంలో మసూలా పడవలు కూడా ఇలా కుట్టినవే. మా చిన్నప్పుడు ఒకదాన్ని ఒడ్డుకు లాగుతుంటే లోపల కూర్చున్నాను. కెరటం తగిలినప్పుడల్లా పలకలు కదిలేవి, నులకమంచం మీద ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు. మేకులేసిన పడవైతే ఆ దెబ్బకి విడిపోయేది. మీ అబ్బాయికి ఇది చెప్పండి, తవ్వకాల కథ కంటే బాగుంటుంది.

ప్రశ్న: మిడిల్స్‌బరోలో ఎంఎస్ చేస్తున్నాను. దగ్గర్లో హార్టిల్‌పూల్‌కి వెళ్తే పెద్ద తెరచాప ఓడ కనిపించింది. మావాళ్లు తీసిన వీడియోలో "సినిమా సెట్ షిప్" అని పెట్టారు. నిజమేనా అంకుల్?
– ఒక విద్యార్థి

జవాబు: వెంటనే తీయించు బాబూ. అది ట్రింకోమలీ, అసలు సిసలు ఓడ. అంతేకాదు, మన ఓడ. బొంబాయి డాక్‌యార్డులో ఓడలు కట్టే పార్సీ కుటుంబం వాడియాలు టేకుతో కట్టి 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దించారు. అప్పటికి ఇంగ్లండులో ఓక్ కలప కరువు. దాని ప్లాన్లు మొదటిసారి జావా అనే ఓడలో పంపితే, 1812లో అమెరికావాళ్ల కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక ఆ ఓడని ఓడించేసింది. ప్లాన్లూ దాంతోపాటే పోయాయి, మళ్లీ పంపాల్సొచ్చింది. ఆ కాన్‌స్టిట్యూషన్ కూడా ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతూనే ఉంది, అదీ అసలుదే.

2003లో మా ఓడ టీస్‌పోర్టులో ఆగినప్పుడు నేను వెళ్లి చూశాను. ఈసారి వెళ్తే ముక్కు దగ్గర తలెత్తి చూడు. తలపాగా చుట్టుకున్న మనవాడి బొమ్మ ఉంటుంది. సెల్ఫీ అక్కడ దిగు.

ప్రశ్న: ఎప్పుడూ పేపర్ల తప్పులు పడుతుంటారు. పోయిన నెల మీ శీర్షికలోనే "1620లో యాత్రికులను మోసుకెళ్లిన మేఫ్లవర్ ముందు రచయిత" అని ఫోటో వేశారు. ఆ ఓడ ఇంకా ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దొరికిపోయాను. లేదండి. ఆ మేఫ్లవర్ 1624లో వెల కట్టేనాటికే శిథిలం. ఫోటోలోది ఇంగ్లండులోని బ్రిక్సమ్‌లో కట్టి, 1957లో తెరచాపల మీద అట్లాంటిక్ దాటించి అమెరికా తెచ్చిన మేఫ్లవర్ టూ. ఫోటో కింద మాట సబ్ ఎడిటర్ రాసింది కాదు, నేనే రాసి పంపాను. అసలు ఫోటో మళ్లీ తీసి చూసుకున్నాను. వెనకాల బోర్డు మీద ఓడ పేరు స్పష్టంగానే ఉంది. ఆ "టూ" ఉన్నచోట సరిగ్గా నా తల అడ్డొచ్చింది.